గడప పసుపు

మా అమ్మమ్మ ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాసేది. వారం తిరిగేసరికి అది వెలిసిపోయేది. ఆవిడకు శ్రమ తప్పించాలని ఓ సంక్రాంతికి నేనే పసుపురంగు పెయింటు పూశాను. ఏళ్ళు గడిచినా వన్నె తగ్గలేదు, గర్వపడ్డాను.

ఆ వన్నె చరిత్ర తర్వాతెప్పుడో చదివాను. 1797లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు వోక్లాన్ ఒక సైబీరియా ఖనిజంలో క్రోమియంను కనుగొన్నాడు. ఆ ఖనిజం సీసపు క్రోమేటు. పందొమ్మిదవ శతాబ్దంలో అదే పదార్థం 'క్రోమ్ ఎల్లో' పేరిట ఇళ్ళకూ బళ్ళకూ రంగయింది. వెలుగుతోపాటు సీసపు విషమూ ఇంటికి చేరింది. ఇంటి రంగులలో సీసం 90 పీపీఎం మించరాదన్న నియమం మనదేశంలో 2017 నవంబరులో గాని అమలుకు రాలేదు.

నేను పూసింది అంతకు చాలా ముందు. ఆ గడప మీదే మా పిల్లలు పాకారు.

వెలిసిపోవడం పసుపుకు లోపమనుకున్నాను. అదే దాని మంచితనమని ఇప్పుడు తోస్తోంది.