డెన్మార్క్ పల్లె దుస్తులు, స్త్రీల టోపీలు

డెన్మార్క్ జానపద దుస్తులంటే అక్కడి రైతు కుటుంబాలు దాదాపు 1750 నుంచి 19వ శతాబ్దం చివరిదాకా వేసుకున్న బట్టలు. ఊలు, అవిసె నార ఇంట్లోనే వడికేవారు. పట్టు రిబ్బన్లు, వెండి గుండీలు మాత్రం కొనేవారు. ఆ కొనుగోళ్లు ఎంత పెరిగాయంటే, రైతుల ఆడంబరానికి పగ్గం వేస్తూ 1783లో ప్రభుత్వం శాసనమే చేసింది. 1788లో, రైతు యువకులు పుట్టిన జమీను విడిచి పోరాదన్న కట్టడి రద్దయింది. క్రమంగా సొంత భూములు చేతికొచ్చాక దుస్తుల హంగు ఇంకా పెరిగింది.

ప్రతి ఊరికీ తరతరాలుగా మారని దుస్తులుండేవన్న నమ్మకం సరికాదు. పట్నం పోకడ ఆలస్యంగానైనా పల్లెకు చేరేది. 1800 ప్రాంతంలో ఐరోపాలో నడుము గీత రొమ్ము కిందికి జరిగితే, పల్లె రవికెలూ పొట్టివయ్యాయి. ప్రాంతానికో తీరు స్పష్టంగా కనిపించేది స్త్రీల తల మీదే. పెళ్లయినామె జుట్టు కప్పుకోవాలన్నది ఆచారం.

అలాంటి తలకప్పుల్లో జీలాండ్ ద్వీపపు టోపీ అపురూపమైనది. తల వెనకభాగాన్ని కప్పే గట్టి ముక్క మీద బంగారు, వెండి జరీతో పూలు కుట్టేవారు. ముఖం చుట్టూ గంజి పెట్టిన తెల్లని నారబట్టో లేసో ఉండేది, వెనక వెడల్పాటి రిబ్బన్లు వేలాడేవి. ఈ జరీపని టోపీలు కుట్టడమే వృత్తిగా ఉన్న స్త్రీల చేతిది. నాణ్యమైన లేసుకు దక్షిణ జట్లాండ్‌లోని టొండర్ పేరుమోసింది. ఇంటి ఆడవాళ్ల నైపుణ్యం చూడాలంటే కోపెన్‌హాగెన్, రోస్కిల్డ్, కోయె పట్టణాల నడుమనున్న హేడెబో మైదానానికి వెళ్లాలి: తెల్లబట్ట మీద తెల్లదారంతో, పోగులు లాగి, కత్తిరించి వాళ్లు చేసిన కుట్టుపని డెన్మార్క్ హస్తకళల్లో మేలైనదని చెప్పవచ్చు.

రాజు రెండవ క్రిస్టియన్ 1521లో రప్పించిన డచ్చి రైతుల వంశీకులు ఆమాగర్ ద్వీపంలో తమ దుస్తుల తీరును చాలాకాలం నిలుపుకున్నారు.

ఫానో ద్వీపం దారి వేరు. 1741లో ద్వీపవాసులు తమ నేలను రాజు దగ్గర కొనుక్కుని ఓడల వ్యాపారంలోకి దిగారు. మగవాళ్లు సముద్రం మీదుంటే పొలం భారం స్త్రీలదే. ఒకదానిపై ఒకటి లంగాలు తొడిగి, రెండు కొనలు పైకి నిలిచేలా తలగుడ్డ కట్టేవారు. పొలంలో ఎండ, ఎగిరే ఇసుక తగలకుండా కళ్లు మాత్రమే కనిపించే ‘స్ట్రూడె’ అనే గుడ్డ ముసుగు వేసుకునేవారు. ఇక్కడ ఈ దుస్తులు 20వ శతాబ్దంలోకీ నడిచాయి.

మిగతాచోట్ల మిల్లు బట్ట వచ్చి ఈ తీరు తగ్గుతున్నప్పుడే బెర్న్‌హార్డ్ ఓల్సెన్ పల్లెల్లో వస్తువులు సేకరించి, 1885లో కోపెన్‌హాగెన్‌లో జానపద మ్యూజియం తెరిచాడు. 1901లో ఏర్పడిన జానపద నృత్య సంఘం ఈ బట్టలను మళ్లీ వేదిక ఎక్కించింది. అయితే మ్యూజియాలకు చేరినవి ఎక్కువగా పండగ బట్టలే. పనిబట్టలను పీలికలయ్యేదాకా వాడేశారు కనుక, రైతు స్త్రీ మామూలు రోజున ఎలా కనిపించేదో చెప్పే ఆనవాళ్లు చాలా కొద్దిగా మిగిలాయి.