చెప్పులు చెప్పిన కథ



మన అమీర్‌పేటలో, పంజగుట్టలో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారంటే పెద్ద అతిశయోక్తి కాదేమో. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో కంప్యూటరు కోర్సులు నేర్చుకుని సముద్రాలు దాటిన పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ళ వెనకాలే పురుడు పోయడానికో, మనవల్ని చూసుకోవడానికో మనమూ వెళుతున్నాం. పడమటి తీరాన పోర్ట్‌లాండులోనో, సియాటిల్‌లోనో ఉన్న పిల్లలైతే తల్లిదండ్రుల్ని ఒక ఎండాకాలం కారెక్కించి చూపించి తెచ్చే చోటు ఒకటుంది. అదే ఆరిగన్ రాష్ట్రంలోని క్రేటర్ లేక్ జాతీయ వనం. ఆ సరస్సు కథ ఈవేళ చెప్పుకుందాం.

చూడటానికి అది కొండ నెత్తిన పెట్టిన నీళ్ళ గంగాళంలా ఉంటుంది. చుట్టూ నిట్రమైన కొండగోడలు, మధ్యలో నీళ్ళు. ఆ నీళ్ళ రంగు చూస్తే తెల్లబట్టలకు పెట్టే నీలిమందు ఎవరో బస్తాలకొద్దీ కుమ్మరించారా అనిపిస్తుంది. వెడల్పు 8 నుంచి 10 కిలోమీటర్లు; లోతు 594 మీటర్లు. పది చార్మినార్లు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా మునిగిపోతాయన్నమాట! అమెరికా మొత్తంలో ఇంతకంటే లోతైన సరస్సు లేదు. ఇందులోకి వచ్చే నదీ లేదు, ఇందులోంచి పోయే నదీ లేదు. ఏటా 12 మీటర్లకు పైగా కురిసే మంచూ, వానా తప్ప వేరే నీరు చేరదు కాబట్టే అంత తేటగా ఉంటుంది. తేట నీరు బాగా లోతుగా ఉంటే సూర్యకాంతిలోని ఎరుపును మింగేసి నీలాన్ని వెనక్కి పంపుతుంది. ఆ రంగు రహస్యం ఇదే.

మరి కొండ మీద ఇంత గొయ్యి ఎలా వచ్చింది? ఇప్పుడు సరస్సు ఉన్నచోట ఒకప్పుడు దాదాపు 3,700 మీటర్ల ఎత్తున్న అగ్నిపర్వతం ఉండేది. దాన్ని ఇప్పుడు మజామా అని పిలుస్తారు. సుమారు 7,700 ఏళ్ళ క్రితం అది బద్దలై, కడుపులోని శిలాద్రవాన్నంతా వెళ్ళగక్కింది. పూరీ పొంగి, లోపలి ఆవిరి పోగానే పైపొర కిందికి కూర్చుంటుంది, చూశారా, అలాగే లోపల డొల్లయిన ఆ పర్వతం తన బరువుకు తానే కూలి లోపలికి దిగబడింది. ఇలాంటి గోతిని కాల్డెరా అంటారు. స్పానిషు భాషలో ఆ మాటకు కాగు అని అర్థం. ఆ కాగు నిండడానికి కొన్ని వందల ఏళ్ళు పట్టింది.

ఇక చరిత్ర పుస్తకాలు తిరగేస్తే, ఈ సరస్సును 'కనుగొన్నది' జాన్ వెస్లీ హిల్‌మన్ అని కనిపిస్తుంది. బంగారం వెతుక్కుంటూ వచ్చిన అతను 1853 జూన్ 12న దీని అంచుకు వచ్చి నిలబడ్డాడు. ఆ తర్వాత చెప్పుకోవలసినవాడు విలియం గ్లాడ్‌స్టన్ స్టీల్. 1870లో, కాన్సస్‌లో బడికి పోయే రోజుల్లో, మధ్యాహ్నం తిండి చుట్టి ఇచ్చిన వార్తాపత్రిక కాగితం మీద ఈ సరస్సు సంగతి చదివాడట. పొట్లం కాగితం కూడా చదివే పిల్లలను విసుక్కోకూడదని దీన్నిబట్టి తెలియడం లేదూ! 1885లో వచ్చి చూసి, దీన్ని కాపాడాలని పట్టుపట్టాడు. మరుసటి ఏడు పడవ తెప్పించి, పియానో తీగకు బరువు కట్టి నీళ్ళలోకి వదిలి లోతు కొలిచిన బృందంలో ఉన్నాడు. పదిహేడేళ్ళు ఎక్కిన గడప ఎక్కకుండా తిరిగాక, 1902 మే 22న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ సంతకంతో ఇది జాతీయ వనమైంది. ఆ మనిషి పట్టుదలకు చెయ్యెత్తి దణ్ణం పెట్టవలసిందే.

అయితే హిల్‌మన్ కనుగొన్నదాకా ఆ సరస్సు ఎవరికీ తెలియకుండా ఉందా? ఆ చుట్టుపట్ల వేల ఏళ్ళుగా ఉన్నవాళ్ళు క్లామత్ ప్రజలు. వాళ్ళకది వేడుకకు చూసే చోటు కాదు, పుణ్యస్థలం. మనవాళ్ళు తపస్సుకు వెళ్ళినట్టుగా శక్తిని కోరి అక్కడికి వెళ్ళేవారు. ఆ కొండగోడలు దిగేవారు, రాత్రిపూట ఆ నీళ్ళలో మునిగేవారు.

వాళ్ళ అవ్వాతాతలు చెప్పే కథ ఒకటుంది. పాతాళలోకానికి అధిపతి లావో. అతను కొండలోంచి పైకి వచ్చినప్పుడు నాయకుడి కూతుర్ని చూసి మోహించాడు. ఆ పిల్ల ఒప్పుకోలేదు. పాతాళాధిపతి అడిగినా సరే, నాకిష్టం లేదంది. దాంతో లావో మండిపడి ఊళ్ళమీద నిప్పులు కురిపించాడు. ఊర్ధ్వలోకాధిపతి స్కెల్ జనం పక్షాన శాస్తా పర్వతం మీద నిలబడ్డాడు. ఎర్రగా కాలిన బండలు అటూ ఇటూ ఎగిరాయి. జనం క్లామత్ సరస్సు నీళ్ళలో తలదాచుకున్నారు. చివరికి స్కెల్ లావోను కొండలోకి తరిమికొడితే, ఆ కొండ కాస్తా అతని నెత్తిన కూలిపోయింది. తెల్లవారి చూస్తే కొండ లేదు. మిగిలిన గొయ్యిని వానలు నింపాయి.

క్లామత్ నాయకుడు లాలెక్ 1865లో ఒక యువ సైనికుడికి ఈ కథ చెప్పాడు. విన్నవాళ్ళు అభూతకల్పన అనుకున్నారు. శాస్త్రజ్ఞులేమో ఆ శిఖరం ఎగిరిపోయిందా, కూలిపోయిందా అని చాలాకాలం వాదించుకున్నారు. 1942లో హోవెల్ విలియమ్స్ రాళ్ళూ బూడిదా లెక్కగట్టి, కూలిందనే తేల్చాడు. కథ చెప్పిందీ అదే కదా!

సరే, కొండ కూలినప్పుడు చూడటానికి అసలు మనుషులున్నారా? దానికి జవాబు దొరికింది చెప్పుల్లో. 1938లో లూథర్ క్రెస్‌మన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు, సరస్సుకు ఈశాన్యంగా ఉన్న ఫోర్ట్ రాక్ గుహలో తవ్వించాడు. మజామా బూడిద పొర కింద డజన్లకొద్దీ చెప్పులు బయటపడ్డాయి. అక్కడ పెరిగే ఒక పొద బెరడును పేని, బుట్ట అల్లినట్టు అల్లిన చెప్పులు. తర్వాత రేడియోకార్బన్ పద్ధతిలో చూస్తే వాటి వయసు తొమ్మిదివేల ఏళ్ళు దాటింది. అంటే పర్వతం బద్దలయ్యే నాటికే ఆ నేలమీద చెప్పులు అల్లే చేతులున్నాయి. ఆ కథ ఎన్ని నోళ్ళు మారి వచ్చిందో కొలిచే తూనిక లేదుగాని, దాన్ని ఉత్త కట్టుకథ అని తోసిపుచ్చే ధైర్యం ఇక ఎవరికీ లేకపోయింది.

ఇంత చరిత్ర ఉన్నవాళ్ళకు చివరికి దక్కిందేమిటి? 1864 ఒప్పందంలో ఈ సరస్సుతో సహా తమ భూమిలో ఎక్కువభాగం వదులుకోవలసివచ్చింది. 1954లో చేసిన ఒక చట్టం వాళ్ళనొక జాతిగా గుర్తించడమే మానుకుంది. 1986లో గాని ఆ గుర్తింపు తిరిగి రాలేదు. వనాన్ని కాపాడినవారి పేర్లు అందరికీ తెలిశాయి. కథను కాపాడినవారి పేర్లు మాత్రం మరుగున పడ్డాయి.

ఇదంతా ఎక్కడో పరాయి దేశం సంగతి అనుకోకండి. మన నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, జుర్రేరు లోయలో, నేల తవ్వితే కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా తెల్లని బూడిద కనిపిస్తుంది. అది ఇండొనీషియాలోని టోబా నుంచి సుమారు 74,000 ఏళ్ళ క్రితం గాలిలో ఎగిరివచ్చింది. ఆ టోబా కూడా ఇప్పుడు అందమైన సరస్సే. మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం 2007లో ప్రకటించిన విశేషమేమిటంటే, ఆ బూడిద పొరకు కిందా రాతి పనిముట్లున్నాయి, పైనా ఉన్నాయి. అంటే అంత ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికే ఉన్నారని వాళ్ళ అభిప్రాయం. అయితే ఆ మనుషులు చెప్పుకున్న కథ మాత్రం మనదాకా రాలేదు. బూడిద మిగిలింది, రాయి మిగిలింది, మాట పోయింది.

అందుకే నేను మనవి చేసేది ఒకటే. మీరు క్రేటర్ లేక్‌కు వెళితే ఫొటోలు తీసుకోండి, కాని అక్కడ మనవల్ని పక్కన కూర్చోబెట్టుకుని లావో కథా, స్కెల్ కథా చెప్పండి. ఆ పిల్ల 'నాకిష్టం లేదు' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగి మరీ చెప్పండి. వెళ్ళలేనివాళ్ళకు ఇక్కడే పని ఉంది. పంజగుట్ట పేరులోనే గుట్ట ఉంది కదా. ఇప్పుడక్కడ కనిపించేది ఫ్లైఓవరూ, మెట్రో స్తంభాలూ. ఆ గుట్ట ఎక్కడిదాకా ఉండేదో, ఏ బావి నీళ్ళు తియ్యగా ఉండేవో, ఏ బండ దగ్గర దీపం పెట్టేవారో చెప్పగల అత్తగార్లూ అమ్మమ్మలూ ఇంకా మన ఇళ్ళల్లోనే ఉన్నారు. పిల్లలు సెల్‌ఫోనులో వీడియో పిలుపు చేసినప్పుడు ఆ మాటలు వాళ్ళ చెవిన వేయండి. వీలైతే ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి.