వింగర్ వయసు, మేనేజర్ గడువు

ఇరవై ఏళ్లు నిండీ నిండని వింగర్‌ను ఏ పెద్ద క్లబ్బయినా భారీ మొత్తం పోసి కొన్నదంటే అభిమానుల వాదన ఎక్కువసేపు ఆ కుర్రాడి మీద నిలవదు. అతని వేగం, అతని ఎడమకాలు, అతని వెల అయ్యాక మాట మేనేజర్ మీదికి మళ్లుతుంది. ఫెర్గూసన్ అయితే ఇతన్ని సానబెట్టేవాడని ఒకరంటారు, వెంగర్ అయితే మధ్యలోకి తెచ్చి ఆడించేవాడని ఇంకొకరు, మౌరిన్యో అయితే బెంచీ దిగనిచ్చేవాడు కాదని మరొకరు. అంటే వింగర్ అక్కడ ఆటగాడు కాడు, సాక్షి. మేనేజర్ల మీద ఎప్పటినుంచో నడుస్తున్న దావాలో అతన్ని బోను ఎక్కిస్తారు. ఈ సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుందన్నదే ఈ వ్యాసం ప్రశ్న. మాంచెస్టర్ యునైటెడ్ 2003 నుంచి కొన్న వింగర్లను వరసగా చూస్తే నాకు తేలింది ఇది: అభిమానులు మేనేజర్ కన్నును పోలుస్తున్నామనుకుంటారు, నిజానికి వాళ్లు పోలుస్తున్నది ఆ మేనేజర్‌కు దొరికిన గడువును. కన్ను మనిషి సొత్తు. గడువు చాలావరకు సంస్థ ఇచ్చేది. ఈ రెంటినీ కలిపేస్తే పోలిక మొదట్లోనే వంకర పోతుంది.

ఈ వాదనలన్నిటికీ మూలపాఠం క్రిస్టియానో రొనాల్డో. 2003 ఆగస్టులో లిస్బన్‌లో స్పోర్టింగ్ కొత్త స్టేడియం ప్రారంభానికి ఆడిన స్నేహపూర్వక మ్యాచ్‌లో యునైటెడ్ 3–1తో ఓడింది. వారం తిరక్కుండానే స్పోర్టింగ్ తరఫున ఆడిన ఆ పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని 1.224 కోట్ల పౌండ్లకు కొన్నది. అప్పటికి ఇంగ్లండ్‌లో ఒక టీనేజర్‌కు పెట్టిన వెలల్లో అదే పెద్దది. ఆగస్టు 16న బోల్టన్ మీద గంట ఆట అయ్యాక నికీ బట్ స్థానంలో దిగాడు, ఒక పెనాల్టీ తెచ్చిపెట్టాడు, దాన్ని వాన్ నిస్టెల్‌రాయ్ కొడితే గోలీ ఆపేశాడు. జట్టు 4–0తో గెలిచింది. అభిమానుల జ్ఞాపకంలో ఈ అరగంట నుంచి 2008 మాస్కో చాంపియన్స్ లీగ్ ఫైనల్లో తలతో కొట్టిన గోల్ దాకా దారి నేరుగా, గీత గీసినట్టు ఉంటుంది. అంకెలు ఆ మాట చెప్పవు. లీగ్‌లో అతని గోల్స్ మొదటి ఏడాది 4, రెండో ఏడాది 5, మూడో ఏడాది 9. ఆ తర్వాత 17, ఆపైన 31. మొదటి మూడేళ్లలో యునైటెడ్ ఒక్కసారి కూడా లీగ్ గెలవలేదు. 2005 డిసెంబర్‌లో బెన్ఫికా చేతిలో ఓడి చాంపియన్స్ లీగ్ గ్రూపులో అట్టడుగున ముగించింది. ఆ రాత్రి రొనాల్డో ప్రేక్షకులకు వేలు చూపించి ఒక మ్యాచ్ నిషేధం కూడా మూటగట్టుకున్నాడు. స్టెప్‌ఓవర్లు తప్ప క్రాస్ వెయ్యడం రాదన్నది ఆ రోజుల్లో అతని మీద పేరున్న ఫిర్యాదు. 2006 వేసవిలో ఎవరైనా లెక్క కట్టి ఉంటే ఈ కొనుగోలును ‘పరవాలేదు’ అనేవారేమో, ‘చరిత్ర’ అని మాత్రం అనేవారు కాదు.

దీనికి తెలుగులో సిద్ధంగా ఒక అభ్యంతరం ఉంది: పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది. గోల్స్ లెక్క ఎలా ఉన్నా చూసే కన్నుకు ఆ బోల్టన్ అరగంటే చాలదా? చాలదనడానికి ఆంటొనీ కన్నా మంచి ఉదాహరణ లేదు. 2022లో యునైటెడ్ మేనేజర్ ఎరిక్ టెన్ హాగ్ అజాక్స్‌లో తన దగ్గరే ఆడిన ఈ ఇరవై రెండేళ్ల బ్రెజిల్ వింగర్‌ను దాదాపు 9.5 కోట్ల యూరోలకు తెప్పించుకున్నాడు. వచ్చీ రాగానే అర్సెనల్ మీద గోల్, మాంచెస్టర్ సిటీ మీద గోల్, ఎవర్టన్ మీద గోల్. ఆడిన మొదటి మూడు లీగ్ మ్యాచ్‌ల్లోనూ స్కోర్ చేశాడు. రొనాల్డో మొదటి గోల్ కోసం నవంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. పరిమళమే కొలత అయితే ఆంటొనీయే ముందుండాలి. కానీ అతని మొదటి ఏడాది లీగ్ గోల్స్ నాలుగు దగ్గరే ఆగాయి, సరిగ్గా రొనాల్డో మొదటి ఏడాది అంకె. మరుసటి ఏడాది ఒకటి. 2022 అక్టోబర్‌లో షెరీఫ్ జట్టు మీద ఆడుతూ ఎదుట ఎవరూ లేకుండానే బంతిని కాలికి అంటిపెట్టుకుని గిర్రున రెండు చుట్లు తిరిగి, ఆ వెంటనే ఇచ్చిన పాస్‌ను గీత దాటించాడు. సగం ఆట కాగానే అతన్ని మార్చారు. పాత యునైటెడ్ ఆటగాడు పాల్ స్కోల్స్ టీవీలో ఆ విన్యాసాన్ని తప్పుపట్టాడు. ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించాలి. కాళ్ల విన్యాసం ఇద్దరిదీ ఒకే జాతి. ఒకరి విషయంలో అది తర్వాత ‘లేతవయసు ముచ్చట’ అయింది, ఇంకొకరి విషయంలో ‘అహంకారం’గా మిగిలింది. పేరు పెట్టింది ఆ చుట్లు కావు, తర్వాత వచ్చిన ఫలితాలు. ఇద్దరూ సమానమని నా వాదన కాదు: ఆంటొనీ వచ్చిన వయసుకు రొనాల్డో లీగ్‌లో ఏడాదికి 17 గోల్స్ కొడుతున్నాడు, వెలల తేడాను కాలం పెంచిన ధరలతో సర్దినా పూర్తిగా సర్దుకోదు. మొదటి ఏడాది సాక్ష్యంతో ఇద్దరిలో ఎవరెటు పోతారో చెప్పడం సాధ్యం కాదన్నంతవరకే నా మాట. తర్వాత స్పెయిన్‌లో పెల్లెగ్రిని కింద బెటిస్ జట్టును 2025 కాన్ఫరెన్స్ లీగ్ ఫైనల్‌కు చేర్చినవాళ్లలో ఇదే ఆంటొనీ ఉన్నాడు.

‘ఫెర్గూసన్ కన్ను’ అనే మాటలో ఇంకో లోపం ఉంది, అది లెక్కల్లో అందరికీ తెలిసినదే: మిగిలినవాళ్లను మాత్రమే లెక్కపెట్టడం. రొనాల్డో వచ్చిన వేసవిలోనే సండర్లాండ్ నుంచి డేవిడ్ బెలియన్ కూడా వచ్చాడు, ప్రపంచకప్ గెలిచిన క్లెబర్సన్, ఎరిక్ జెంబా-జెంబా వచ్చారు. వాళ్లను ఈ కథలో ఎవరూ తలవరు. రొనాల్డోను 2009లో 8 కోట్ల పౌండ్లకు రియల్ మాడ్రిడ్‌కు అమ్మాక బోర్డో నుంచి గాబ్రియేల్ ఒబెర్తాన్ వచ్చాడు. రెండేళ్లలో లీగ్‌లో ఒక్క గోల్ లేదు. 2010లో వచ్చిన బెబె సంగతి మరీ విడ్డూరం. సుమారు 74 లక్షల పౌండ్లు పెట్టి కొనే ముందు అతని ఆట తాను చూడలేదని ఫెర్గూసనే ఒప్పుకున్నాడు. బెబె ఆడిన లీగ్ మ్యాచ్‌లు రెండు. ఇదే కొనుగోలు 2014లోనో 2022లోనో జరిగి ఉంటే మేనేజర్ ఉద్యోగం మీదికి వచ్చేది. ఫెర్గూసన్‌కు గీత కూడా పడలేదు. కన్ను తప్పు పోయిన సందర్భాలు అతనికీ ఉన్నాయి. తప్పు పోయినా కుర్చీ కదలకపోవడమే అతనికున్న అసలు ఆస్తి. ఆ కుర్చీని అతను ఊరికే పొందలేదు: 1986లో వచ్చి 1993 దాకా లీగ్ గెలవలేదు, రొనాల్డోను తెచ్చేనాటికి ఎనిమిది సార్లు గెలిచాడు. ఆ ఎనిమిదింటి వడ్డీ మీద రొనాల్డోకు మూడేళ్లు అప్పు ఇచ్చాడు.

అయితే గడువు అంటే ఊరికే కూర్చోవడమా? ఓడిపోతున్న ప్రతి మేనేజరూ ‘ఇంకొంచెం సమయం’ అనే అడుగుతాడు కదా అని గడుసు పాఠకుడు అడగవచ్చు. సరైన ప్రశ్నే. సమయం ఉన్నవాడు ఆ సమయంలో ఏం చేశాడో చూస్తేనే జవాబు దొరుకుతుంది. 2006 వేసవిలో ఫెర్గూసన్ తన జట్టులో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టే మనిషిని అమ్మేశాడు. వాన్ నిస్టెల్‌రాయ్ యునైటెడ్‌కు 219 మ్యాచ్‌ల్లో 150 గోల్స్ చేశాడు. పెనాల్టీ బాక్స్‌లో నిలబడి బంతి తన దగ్గరికి రావాలని చూసే స్ట్రైకర్. బంతిని త్వరగా వదలని వింగర్ అతనికి చిరాకు. ఆ ఇద్దరిలో ఒకరి చుట్టూ జట్టును మలచాలి. ఫెర్గూసన్ అప్పటికి లీగ్‌లో ఏడాదికి తొమ్మిది గోల్స్ మించని కుర్రాణ్ని ఎంచుకున్నాడు. అదే వేసవిలో ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్లో ఇంగ్లండ్ జట్టులోని తన క్లబ్ సహచరుడు రూనీని బయటికి పంపాక రొనాల్డో కన్ను గీటిన దృశ్యం ఇంగ్లండ్ అంతా చూసి మండిపడుతోంది, దాన్ని కూడా లెక్కచెయ్యలేదు. మరుసటి ఏడాది నాలుగేళ్ల తర్వాత లీగ్ తిరిగి వచ్చింది. 150 గోల్స్ మనిషిని అమ్మి, కొత్త స్ట్రైకర్‌ను కొనకుండా సీజన్ మొదలుపెట్టే ధైర్యం ఒక్క మనస్తత్వం వల్ల రాదు. తప్పు పోతే మరుసటి వేసవిలోనూ తానే ఉంటానన్న నమ్మకం వల్ల వస్తుంది. గడువు అంటే ఖాళీ కాలం కాదు, జట్టును ఒకసారి విప్పి మళ్లీ కట్టే హక్కు.

ఇంకా బలమైన అభ్యంతరం అర్సెనల్ నుంచి వస్తుంది. వెంగర్‌కూ అంతే గట్టి కుర్చీ ఉండేది. 2006 జనవరిలో పదహారేళ్ల థియో వాల్కాట్‌ను సౌతాంప్టన్ నుంచి 50 లక్షల పౌండ్లతో మొదలై షరతుల మీద 1.2 కోట్ల దాకా పెరిగే ఒప్పందం మీద తెచ్చాడు, పన్నెండేళ్లు దగ్గర పెట్టుకున్నాడు, చివరికి హెన్రీ వేసుకున్న 14వ నంబర్ కూడా ఇచ్చాడు. రొనాల్డో కాలేదు. కాబట్టి గడువు ఉంటే చాలదన్నది నిజం, నేనూ చాలుననలేదు. కానీ వాల్కాట్ కథను వైఫల్యంగా చెప్పడంలోనే తేడా ఉంది: 397 మ్యాచ్‌లు, 108 గోల్స్. వింగర్‌గా మంచి లెక్కే. అతన్ని ఓడించింది ఆ అంకెలు కావు, పోలిక. 1999లో యువెంటస్‌లో వింగ్ మీద నలిగిపోతున్న హెన్రీని తెచ్చి స్ట్రైకర్‌గా మార్చినవాడు వెంగరే కనుక, అతను తెచ్చే ప్రతి వేగమైన కుర్రాడూ హెన్రీ కావాలన్నది అభిమానుల లెక్క. ఒకసారి జరిగినది పద్ధతి అయిపోయింది. ఫెర్గూసన్ అభిమానులు ఒబెర్తాన్‌ను మరిచిపోయి ఏ తప్పు చేశారో, వెంగర్ అభిమానులు హెన్రీని మరవలేక అదే తప్పు చేశారు.

మౌరిన్యో, క్లాప్‌ల పోలికను ఇక్కడ త్వరగానే ముగించవచ్చు. 2014 జనవరిలో మౌరిన్యో నడిపిన చెల్సీకి వచ్చిన వింగర్ సలా అక్కడ 13 లీగ్ మ్యాచ్‌లాడి 2 గోల్స్ చేశాడు. 2017లో క్లాప్ నడిపిన లివర్‌పూల్‌కు వచ్చిన మొదటి ఏడాదే 32 గోల్స్‌తో 38 మ్యాచ్‌ల సీజన్‌కు అప్పటి రికార్డు రాశాడు. దీన్ని బట్టి మౌరిన్యోకు కన్ను లేదనేవాళ్లు సలా ఆడిన ఫ్లోరెన్స్‌ను, రోమ్‌ను మధ్యలోంచి ఎగరగొడుతున్నారు. ఇరవై ఒకటికీ ఇరవై అయిదుకూ మధ్య పెరిగింది సలాయే.

ఇక 2013 తర్వాతి యునైటెడ్ దగ్గరికి వస్తే కొనే చెయ్యి ఒకటి, ఆడించే చెయ్యి ఇంకొకటి అయిన తీరు స్పష్టంగా కనిపిస్తుంది. 2015 సెప్టెంబర్‌లో పంతొమ్మిదేళ్ల ఆంటొనీ మార్షియల్‌ను 3.6 కోట్ల పౌండ్లతో కొన్నప్పుడు, అతను తనకోసం కాదు తర్వాతి మేనేజర్‌కోసమని అప్పటి మేనేజర్ వాన్ గాల్ బాహాటంగానే అన్నాడు. ఎనిమిది నెలలకు ఎఫ్‌ఏ కప్ గెలిచిన రెండు రోజులకే వాన్ గాల్‌ను పంపేశారు. వచ్చిన మౌరిన్యో మార్షియల్ 9వ నంబర్ తీసి ఇబ్రహిమొవిచ్‌కు ఇచ్చాడు. ఇంత తేటగా ఉన్నా అభిమానులు మార్షియల్ నిలకడలేనితనాన్నే తిడతారు. అత్త మీది కోపం దుత్త మీద.

విల్‌ఫ్రెడ్ జాహా సంగతి అంతకన్నా సూక్ష్మం. 2013 జనవరిలో క్రిస్టల్ ప్యాలెస్ నుంచి అతన్ని కోటి పౌండ్లకు కొన్నది ఫెర్గూసనే, అతని చివరి కొనుగోలు అది. ఆ సీజన్ చివర తప్పుకోవాలని 2012 చివర్లోనే నిశ్చయించుకున్నట్టు తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు. అంటే వేచి చూడడంలో అందరికన్నా పేరున్న మనిషి, వేచి చూసే పని తనది కాదని తెలిసే ఈ కుర్రాణ్ని తెచ్చాడు. అతని తర్వాత ఆరేళ్ల ఒప్పందంతో మేనేజర్‌గా వచ్చిన మోయెస్‌కు పది నెలలు దక్కాయి; జాహాకు ఆ పది నెలల్లో రెండు లీగ్ మ్యాచ్‌లు. కార్డిఫ్‌కు అరువు, ఆపై మళ్లీ ప్యాలెస్. అక్కడే నా వాదనకు చిక్కు వస్తుంది. 2014 నుంచి 2023 దాకా ప్యాలెస్‌లో వార్నాక్, పార్డ్యూ, ఆలార్డైస్, డి బూర్, హాడ్జ్‌సన్, వియెరా ఒకరి తర్వాత ఒకరు మారారు. డి బూర్‌కు దొరికినవి నాలుగు లీగ్ మ్యాచ్‌లు. అయినా జాహా ప్రీమియర్ లీగ్‌లో ఆ క్లబ్ తరఫున అందరికన్నా ఎక్కువ గోల్స్ చేసినవాడయ్యాడు. మేనేజర్‌కు గడువు లేనిచోట వింగర్ ఎలా పండాడు? పన్నెండేళ్ల వయసు నుంచి అతను పెరిగిన పెరడు అది, ఏ మేనేజర్ వచ్చినా జాహాకు బంతి అందించడమన్నది మారని ఏర్పాటు. యునైటెడ్‌లో కుర్చీ మేనేజర్‌ది, వింగర్ అతిథి. ప్యాలెస్‌లో కుర్చీ వింగర్‌ది, వచ్చిపోయేవాళ్లు మేనేజర్లు. జాహా గోల్స్‌ను ఏ మేనేజర్ ఖాతాలో జమ కట్టాలో ఆ క్లబ్ అభిమానులు కూడా వాదించుకోవడం కనిపించదు.