స్టీలు పీచులో బుడగలు

పెద్దపంజాణి. మిట్టమధ్యాహ్నం. వసారాలో కూర్చున్నావు. ముందర గాజుగ్లాసులో క్యాను నీళ్లు, చెంచాడు వంటసోడా. బోరు నీళ్లయితే సున్నం పొర కడుతుంది. రెండు కొసలా చెక్కిన పెన్సిళ్లు రెండు నీళ్లలో ముంచి, పై మొనలకు వైర్లు చుట్టావు.

"చిన్నాయనా, ఉప్పేస్తే కరెంటు బాగా పారదా?" పిల్లోడు ఉప్పు డబ్బా తెచ్చేశాడు. చేయి పట్టుకో. ఉప్పునీళ్లలో క్లోరిన్ పుడుతుంది, గొంతు మండుతుంది. సోడా చాలు.

1.5 వోల్టుల టార్చి సెల్లు తగిలించు. వంగి చూడు. ఏమీ లేదు. నీళ్లు విడిపోను 1.23 వోల్టులు చాలని పుస్తకాల లెక్క. మరి? పెన్సిల్ మొన మొండిది. దాని మీద నీళ్లు విడిపోవాలంటే ఇంకాస్త తోపుడు కావాలి, ఆ అదనమంతా వేడిగా పోయేదే. రెండో సెల్లు కలుపు. అదిగో, మైనస్ మొన చుట్టూ ఆవగింజ కన్నా చిన్న బుడగలు. హైడ్రోజన్.

అవ్వ అంట్లు తోమే స్టీలు పీచు తెచ్చి మైనస్ వైపు పెన్సిల్ బదులు కట్టు. ప్లస్ వైపు వద్దు, లోహం కరిగి నీళ్లు చెడతాయి. తీగ తీగకూ తెల్లటి నురుగు! కాసేపటికి మందగిస్తుంది. ముక్కు గ్లాసుకు ఆనించి చూడు. బుడగలు తీగల్ని వదలట్లేదు. బుడగ కూర్చున్నచోట నీళ్లు తగలవు, ఆ చోటు దండగ. గోటితో గ్లాసు తట్టు. జలజలా లేస్తాయి.

హైడ్రోజన్ ఫ్యాక్టరీలో ఎవరు తడతారు? అందుకే నికెల్ జల్లెడలు, స్పాంజిలాంటి నికెల్, బుడగ చిన్నగా ఉన్నప్పుడే జారిపోయే తలాలు. వీటితో 0.1 వోల్టు మిగిలితే కిలో హైడ్రోజన్‌కు రెండున్నర యూనిట్ల పైనే ఆదా. అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగిన గ్రీన్ హైడ్రోజన్ హబ్ లక్ష్యం రోజుకు 1,500 టన్నులు. లెక్కేసుకో, ఆదా రోజూ దాదాపు 40 లక్షల యూనిట్లు.

అన్నానికి లేస్తావు. తిరిగొచ్చేసరికి గ్లాసు మూతికి పాలకవరు. రబ్బరుబ్యాండు. కవరు కాస్త ఉబ్బింది. పిల్లోడి చేతిలో అగ్గిపెట్టె.

లోపల హైడ్రోజన్ ఒక్కటే లేదు. ప్లస్ మొన దగ్గర పుట్టిన ఆక్సిజన్ కూడా. రెండు పాళ్లకు ఒక పాలు. పేలడానికి తూచినట్టు. గాజుగ్లాసు. వాడి ముఖం. జానెడు దూరం.

పుల్ల తీశాడు.

చేయి తట్టెయ్. పుల్ల పడింది. తొక్కు. అగ్గిపెట్టె లాక్కో. గ్లాసు వాకిట్లోకి. కవరు విప్పు. గాలికి పోనీ.

"పేలేదా, చిన్నాయనా?"

"పేలేది." పెద్ద యంత్రాల్లో ఈ రెండు వాయువుల మధ్య తెర ఎందుకుంటుందో చెప్పబోతావు. నోరు తడారిపోయింది.

లోపల్నించి అవ్వ కేక: "నా పీచెవురు ఎత్తుకపోయినార్రా?"