ఒకే చిప్పు, రెండు గదులు

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమని సంపాదకవర్గం అడిగింది. బడి గురించీ, గురువుల గురించీ నాకన్నా బాగా రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నాకు తెలిసిన ఒక చిన్న చరిత్ర రాస్తున్నాను. పదిహేనేళ్ళుగా పాత వీడియో గేమ్ యంత్రాలు పోగుచేయడం నాకు అలవాటు. మా ఇంట్లో దీనికి పెట్టిన పేరు పాత సామాన్ల కొట్టు. ఆ యంత్రాలను విప్పి, బాగుచేసి, ఆడి, వాటికి కొత్త ఆటలు రాసే క్రమంలో మన బడికి కూడా సంబంధించిన ఒక సంగతి తెలిసింది. అదే ఈ వ్యాసం.

తొంభైల్లో చదివినవాళ్ళకు రెండు గదులు గుర్తుండే ఉంటాయి. మొదటిది ఆఫీసు పక్కన ఉండే కంప్యూటర్ గది. దానికి ఎప్పుడూ తాళం ఉండేది. చెప్పులు బయట విప్పి, వరుసగా వెళ్ళి, గుడ్డ కప్పిన బీబీసీ మైక్రోను చూసి రావడమే ఒక గౌరవం. రెండోది బజారులో, సైకిల్ షాపు వెనక ఉన్న వీడియో గేమ్ షాపు. గంటకు ఐదు రూపాయలు. ఇద్దరం కలిసి ఆడితే మనిషికి రెండున్నర. అక్కడ కనిపించిన వాళ్ళ పేర్లు మర్నాడు ప్రేయరులో చదివేవారు. ఒకటి చదువు గది, ఒకటి చెడిపోయే గది అని అందరం నమ్మాం. కానీ ఆ రెండు గదుల్లోని యంత్రాలకూ మెదడు ఒకే జాతిది.

25 డాలర్ల చిప్పు

ఆ మెదడు పేరు 6502. అమెరికాలో మాస్ టెక్నాలజీ అనే సంస్థలో చక్ పెడల్ బృందం దాన్ని తయారుచేసింది. 1975లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ఒక ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో దాన్ని 25 డాలర్లకు అమ్మారు. అప్పటికి ఇంటెల్, మోటరోలా చిప్పుల ధర అంతకు ఎన్నో రెట్లు. కంప్యూటర్ మామూలు ఇళ్ళలోకి రావడానికి ఈ ధర ఒక పెద్ద కారణం. 1977లో వచ్చిన ఆపిల్ 2 కంప్యూటర్‌లో ఇదే చిప్పు. అదే ఏడాది వచ్చిన అటారీ 2600 గేమ్ యంత్రంలో దీని చిన్న రూపం 6507. ఆ అటారీకి ఉన్న జ్ఞాపకశక్తి 128 బైట్లు. ఇప్పుడు మనం తెలుగు టైపు చేసే పద్ధతిలో అందులో ఒక మోస్తరు వాక్యం కూడా పట్టదు.

1981 చివర ఇంగ్లండులో ఏకార్న్ కంపెనీ బీబీసీ మైక్రోను విడుదల చేసింది. బీబీసీ టెలివిజన్ కంప్యూటర్ పాఠాలకు తోడుగా, బడి పిల్లల కోసం చేసిన యంత్రం అది. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ దాని రూపకర్తల్లో ముఖ్యులు. వాళ్ళిద్దరే తర్వాత 1985లో ఆర్మ్ అనే ప్రాసెసర్‌ను తయారుచేశారు. ఈ రోజు మన జేబుల్లో ఉన్న ఫోన్లన్నీ దాదాపుగా ఆ వంశం చిప్పులతోనే నడుస్తున్నాయి.

మన దేశంలో 1984-85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం మొదలుపెట్టి, ప్రభుత్వ పాఠశాలలకు బీబీసీ మైక్రోలను పంపింది. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ లైసెన్సు తీసుకుని ఇక్కడే వాటిని తయారుచేసింది కూడా. మన బడికి వచ్చిన యంత్రం ఆ పథకం కిందదే.

ఆ యంత్రం మనకు ఆటవస్తువు కాదు. కానీ ఇంగ్లండులో సంగతి వేరు. కేంబ్రిడ్జిలో చదువుతున్న డేవిడ్ బ్రేబెన్, ఇయన్ బెల్ అనే ఇద్దరు విద్యార్థులు 1984లో ఇదే బీబీసీ మైక్రో మీద ఎలైట్ అనే అంతరిక్ష ఆట రాశారు. 32 కిలోబైట్ల యంత్రంలో ఎనిమిది నక్షత్ర మండలాలను ఇమిడ్చారు. వాటి పటాలను దాచిపెట్టే చోటు లేక, చిన్న లెక్కతో అవసరమైనప్పుడల్లా పుట్టించేలా రాశారు. 1991లో అదే ఆటను వాళ్ళే నింటెండో యంత్రానికి మార్చి రాశారు. మొదటి గదిలోంచి రెండో గదిలోకి ఒక ఆట నడిచి వెళ్ళింది.

బజారు గది

నింటెండో సంస్థ ఫామికామ్‌ను 1983 జులైలో జపాన్‌లో విడుదల చేసింది. రూపకర్త మసయుకి ఉఎమురా. దానిలోని ప్రాసెసర్ రికో కంపెనీది. 6502లోంచి దశాంశ పద్ధతిలో కూడే భాగాన్ని తీసేసి, శబ్దం పుట్టించే భాగాన్ని చేర్చారు. పని చేసే జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు. 1985లో వచ్చిన సూపర్ మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లు. పొద్దున్నే మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వచ్చే శుభోదయం బొమ్మ అంతకన్నా పెద్దది. చోటు మిగల్చడానికి ఆకాశంలో మబ్బుకూ, నేల మీద పొదకూ ఒకే బొమ్మ వాడి, రంగు మాత్రం మార్చారు. ఈసారి చూస్తే గమనించండి.

జపాన్ యంత్రంలో నకిలీ క్యాసెట్లను ఆపే చిప్పు లేదు. అమెరికాలో అమ్మిన యంత్రంలో మాత్రం పెట్టారు. అందుకే నకళ్ళు చేసినవాళ్ళు జపాన్ నమూనాను ఎంచుకున్నారు. తైవాన్‌లో యూఎమ్‌సీ కంపెనీ ఆ చిప్పులకు నకళ్ళు తయారుచేసింది. మన ఊళ్ళకు మీడియా, లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ వంటి పేర్లతో వచ్చినవి ఈ కుటుంబం యంత్రాలే. మన క్యాసెట్లకు ఉండే 60 పిన్నులు అసలు ఫామికామ్‌కూ సరిపోతాయి. 9999999 ఆటలు అని రాసి ఉన్న పసుపు క్యాసెట్‌లో నిజంగా ఉండేవి కొన్నే. మిగతావన్నీ అవే ఆటలు, వేరే దశ నుంచి మొదలయ్యేవి.

మీలో కాంట్రా సంగీతం నోటికి వచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు ఒక మాట. మనం విన్నది అసలు వేగం కాదు. జపాన్, అమెరికా టీవీల్లో బొమ్మ సెకనుకు 60 సార్లు మారేది, మన టీవీల్లో 50 సార్లు. ఆటలోని సంగీతం బొమ్మ మారిన ప్రతిసారీ ఒక అడుగు వేస్తుంది. అంటే అక్కడ నిమిషంలో అయ్యే పాట మనకు 72 సెకన్లు పట్టేది. శత్రువులూ అంతే నెమ్మదిగా వచ్చేవారు. నకలు చిప్పు గడియారం వేగం మాత్రం అసలుకు దగ్గరగానే ఉండటంతో శ్రుతి మారలేదు, లయ మాత్రం మారింది. అసలు ఫామికామ్‌ను 60 వేగంతో ఆడితే నా చేతులకు పరాయి ఆటలా అనిపిస్తుంది. మన బాల్యపు ఆట మన యంత్రంలోనే ఉంది, ఇంకెక్కడా లేదు.

పోగుచేయడం ఎందుకు?

ఎర్రగడ్డ ఆదివారం సంతలో, కోఠీ గుజరాతీ గల్లీలో, బంధువుల ఇళ్ళ అటకల మీద దొరికినవన్నీ కలిపి నా దగ్గర ఇప్పుడు 31 యంత్రాలున్నాయి. సగం మాత్రమే పనిచేస్తాయి. తొలినాటి నకళ్ళలో చిప్పులు విడివిడిగా ఉండేవి, పోయిన చిప్పు తీసి ఇంకొకటి వేయవచ్చు. తర్వాతివాటిలో అన్నిటినీ ఒకే ముక్కలో కుదించి, పైన నల్లటి లక్కలాంటి ముద్ద వేశారు. అది పోతే యంత్రం పోయినట్టే. క్యాసెట్ పనిచేయకపోతే ఉఫ్ అని ఊదడం మనందరి విద్య. ఆ తడికే రాగి కొసలు నల్లబడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూది చాలు. బాతులను కాల్చే తుపాకీకి పాత డబ్బా టీవీ తప్పనిసరి. మీట నొక్కగానే తెర క్షణంలో కొంత నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చతురస్రం వెలుగుతుంది. తుపాకీలోని కన్ను ఆ వెలుగును అదే క్షణంలో చూడాలి. కొత్త టీవీలు బొమ్మను కాస్త ఆలస్యంగా చూపిస్తాయి కాబట్టి ప్రతి గురీ తప్పుతుంది.

అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఒక అధ్యయనం చేసింది. 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు కొనడానికి దొరకవని తేలింది. కంపెనీ పేరూ, విడుదల తేదీ ఉన్న ఆటల గతే అది. మన యంత్రాలకు తయారీదారు పేరు కూడా సరిగా లేదు. ఏ గ్రంథాలయమూ వాటిని భద్రపరచదు. అవి ఉంటే మన అటకల మీదే ఉంటాయి, లేకపోతే లేవు.

కొత్త ఆటలు

యంత్రాన్ని గాజు బీరువాలో పెడితే బతికినట్టు కాదు. దానికి ఎవరో ఒకరు కొత్తగా రాస్తూ ఉండాలి. ఈ పనిని హోమ్‌బ్రూ అంటారు, అంటే కంపెనీ ప్రమేయం లేకుండా ఇంట్లో వండిన ఆట. అటారీ 2600కు ఎడ్ ఫెడర్‌మేయర్ 1995లో ఎడ్‌ట్రిస్ రాశాడు. అప్పటికి ఆ యంత్రం మార్కెట్లోంచి వెళ్ళిపోయి కొన్నేళ్ళయింది. 2019లో మార్ఫ్‌క్యాట్ గేమ్స్ వారు నింటెండోకు మైక్రో మేజెస్ రాశారు. నలుగురు కలిసి ఆడే ఆ ఆటను మారియోలాగే 40 కిలోబైట్లలో ఇమిడ్చారు.

నేను రాసింది చాలా చిన్నది. పైనుంచి పడే అక్షరాలను పట్టి మాట పూర్తిచేసే తెలుగు ఆట. ఈ యంత్రం బొమ్మలను 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు ఉన్న పలకలుగా గీస్తుంది. ఇంగ్లిషు అక్షరానికి ఒక పలక చాలు. మన అక్షరానికి తలకట్టు, వంపులు కుదరాలంటే నాలుగు కావాలి. వెనక తెరకు ఒకసారికి ఉండేవి 256 పలకలు. 56 అక్షరాలకు 224 పోతే మిగిలేవి 32. గుణింతాలు, వత్తులు ఎక్కడ పెట్టాలి? చివరికి వర్ణమాలను వదిలేసి, ఆ దశలో వచ్చే మాటలకు కావలసిన అక్షరాలను మాత్రమే గీసి పెట్టాను. వరుసకు 16 అక్షరాలు పడతాయి. మెమరీ కార్డు పట్టే క్యాసెట్‌లో ఎక్కించి, పాత నకలు యంత్రంలో పెడితే తెర మీద మొదట వచ్చిన మాట "అమ్మ". మా ఏడేళ్ళ మేనకోడలు ఒక గంట ఆడి, "మామయ్యా, ఇందులో నా పేరు పెట్టు" అంది. ఆమె పేరులో రెండు వత్తులున్నాయి. పన్నెండు పలకలు పట్టింది.

ఇంత తక్కువ చోటులో పని చేసినప్పుడు కంప్యూటర్ అంటే ఏమిటో అర్థమవుతుంది. ఏ బైటు ఎక్కడుందో మనకే తెలుస్తుంది. మన మాస్టార్లు ఆ మొదటి గదిలో నేర్పాలనుకున్నది సరిగ్గా ఇదే. ఒక యంత్రానికి నలభై మంది పిల్లలుంటే, దాన్ని కాపాడటానికే వాళ్ళ శక్తంతా సరిపోయింది. రెండో గదిలో యంత్రాన్ని ముట్టుకోవచ్చు కానీ అది ఎలా పనిచేస్తుందో చెప్పేవాళ్ళు లేరు. చెప్పేవాళ్ళూ ముట్టుకోనిచ్చేవాళ్ళూ ఒకే గదిలో ఉండి ఉంటే మన బ్యాచుల్లో ఎంతమంది ఎన్ని ఆటలు రాసేవారో!

ఒక మనవి

మన బీబీసీ మైక్రో ఇంకా ఉంది. సైన్సు ల్యాబు బీరువా మీద గుడ్డ సంచిలో చుట్టి ఉంది. ఈ వేసవిలో వేలం వేసే పనికిరాని సామాన్ల జాబితాలో దాని పేరు చేరిందని తెలిసింది. ఆ ఒక్క పేరు కొట్టేయమని హెడ్మాస్టరు గారినీ, మన సంఘ కార్యవర్గాన్నీ వినయంగా కోరుతున్నాను. పనిచేస్తుందేమో చూద్దామని మాత్రం ఎవరూ ప్లగ్గులో పెట్టకండి. దాని పవర్ సప్లైలో కరెంటు వచ్చే చోట ఉండే కెపాసిటర్లు ఇన్నేళ్ళకు పగుళ్ళు బారి ఉంటాయి, కరెంటు తగలగానే పొగ వస్తుంది. ముందు వాటిని మార్చాలి. ఖర్చు కొద్ది వందలు, ఆ పని నేను చేస్తాను.

దాని పక్కన ఒక నకలు గేమ్ యంత్రమూ, ఒక డబ్బా టీవీ నేను ఇస్తాను. మీ అటకల మీద మీడియా, టెర్మినేటర్ డబ్బాలు, పసుపు క్యాసెట్లు ఉంటే పాత సామాన్ల వాడికి వేయకుండా తెచ్చివ్వండి, పనిచేయకపోయినా ఫరవాలేదు. శనివారం మధ్యాహ్నాలు నేను వచ్చి తొమ్మిదో తరగతి పిల్లలకు 6502 నేర్పుతాను. ఏడాదిలో వాళ్ళు రాసిన ఒక ఆట రెండు యంత్రాల్లోనూ నడవాలి. ఆ గదికి తాళం అవసరమే, కానీ చెవి మాత్రం పిల్లలకు అందేచోట ఉండాలి.