వెళ్లే కాగితం, ఉండే కాగితం

శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక గోదావరి జిల్లాల పెళ్లిపెద్దలకు యానాం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. బ్రిటిషు ఏలుబడిలో పద్నాలుగు నిండని ఆడపిల్లకో, పద్దెనిమిది నిండని మగపిల్లాడికో పెళ్లి చేస్తే శిక్ష. పొలిమేర దాటితే ఫ్రెంచివాళ్ల యానాం, అక్కడ ఆ చట్టం చెల్లదు. ముహూర్తాలు అటు తిరిగాయి. ఊరికి కల్యాణపురం అన్న పేరు పడింది. ఆ పేరు వెనక ఎంతమంది పసిపిల్లల మెడలో తాళి పడిందో తలుచుకుంటే అదేమంత గొప్ప బిరుదు కాదు. అయితే కాగితం గురించి ఆలోచించేవాడికి అందులో ఇంకో సంగతి తడుతుంది. బొట్టు పెట్టి పిలిచే పిలుపు ఊరి వరకే నడుస్తుంది. పెళ్లి ఊరు దాటిందంటే పిలుపు కాగితమెక్కి ప్రయాణం చేయాల్సిందే.

చేత్తో కార్డులు చేసేవాళ్లకూ, ఫొటోలూ టిక్కెట్లూ ఉత్తరాలూ అతికించి స్క్రాప్‌బుక్కులు కట్టేవాళ్లకూ ఇప్పుడు ఒకటే దుకాణం, ఒకటే పెట్టె: మందపాటి కార్డ్‌స్టాక్, వాషీ టేపు, రెండువైపులా అంటుకునే టేపు, పంచ్‌లు, స్టిక్కర్లు, మెరుపుపొడి. కానీ ఈ రెండు పనుల స్వభావం వేరు. కార్డు వెళ్లిపోయే వస్తువు. పుస్తకం ఉండిపోయే వస్తువు. ఒకటి దారిలో నలగకుండా చేరితే చాలు, రెండోది మనవల చేతికి చేరాలి. ఈ తేడా చెప్పకుండా అన్నీ ఒకే అరలో పెట్టి అమ్మడం వల్లే కొన్నవాళ్లు సగం సామానుతో విసిగిపోతారు. పైగా ఆ పెట్టెలో ఉన్నవాటిలో చాలావరకు ఈ సరదా కోసం పుట్టినవే కావు. వేరే ఎవరి వ్యాపారం నుంచో దారి తప్పి వచ్చాయి.

వెళ్లే కాగితం సంగతి ముందు. 1840లో ఇంగ్లండులో ఒక్క పెన్నీకి దేశంలో ఎక్కడికైనా ఉత్తరం వేసుకునే పద్ధతి వచ్చింది. మూడేళ్లకు, 1843లో, హెన్రీ కోల్ అనే అధికారి తన క్రిస్మస్ ఉత్తరాలన్నిటికీ జవాబులు రాయలేక జాన్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ గీయించి కార్డు అచ్చు వేయించాడు. అంటే మొదటి క్రిస్మస్ కార్డు ఒక బద్ధకస్తుడి ఉపాయం. మిగిలినవాటిని షిల్లింగుకొకటి చొప్పున అమ్మకానికి పెట్టారు. మామూలు మనిషికి అది అందే ధర కాదు. 1870ల్లో బోస్టన్‌లోని లూయీ ప్రాంగ్ రాతి అచ్చులో రంగుల మీద రంగులు వేసి తీసిన కార్డులతో అది బజారు సరుకైంది. మన దేశంలో పావు అణా పోస్టుకార్డు 1879 జూలై 1న వచ్చింది. అచ్చు బొమ్మ లేకపోయినా క్షేమసమాచారం చవకగా కదలడం అప్పుడే మొదలైంది.

మన దగ్గర రంగుల కార్డు కథ ఇంగ్లండు కన్నా శివకాశికి ఎక్కువ రుణపడి ఉంది. 1922లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు బంధువులు అగ్గిపెట్టెల పని నేర్చుకోవడానికి కలకత్తా వెళ్లారు. తిరిగొచ్చి ఫ్యాక్టరీలు పెట్టాక, అగ్గిపెట్టె మీద అంటించే లేబుళ్లు కావాల్సి వచ్చి అచ్చు యంత్రాలు తెచ్చుకున్నారు. ఆ లేబుళ్ల నుంచే టపాకాయల చుట్లు, క్యాలెండర్లు, శుభలేఖలు, గ్రీటింగులు అన్నీ వచ్చాయి. డిసెంబరు చివర మన ఊళ్లలో పేవ్‌మెంటు మీద దారాలు కట్టి వేలాడదీసే సంక్రాంతి, న్యూ ఇయర్ కార్డులు ఇప్పుడు నలభై దాటినవాళ్లకు బాగా గుర్తు. చిరంజీవి బొమ్మ ఎవరికి పంపాలి, గులాబీ పువ్వు ఎవరికి పంపాలి అన్న విషయంలో బడిపిల్లలకు కచ్చితమైన నియమాలుండేవి. కవరు నోరు అంటించకుండా లోపలికి మడిచి, పైన బుక్ పోస్ట్ అని రాస్తే తక్కువ బిళ్లతో పోయేది. లోపల సొంత కబుర్లు రాయకూడదన్నది అప్పటి నియమం. రాయనివాళ్లు ఎవరు?

ఆ మడిచిన నోరు గురించి చేత్తో కార్డు చేసేవాళ్లు ఒక్క క్షణం ఆలోచించాలి. ముత్యాలు, గుండీలు, రిబ్బను ముడులు పెట్టి అంగుళం ఎత్తు చేసిన కార్డు చూడ్డానికి బాగానే ఉంటుంది, తపాలాలో మాత్రం అది కార్డు కాదు, పార్సిలు. వెళ్లే వస్తువు చదునుగా ఉండాలి. అందుకే ఈ పనిలో చేయి తిరిగినవాళ్లు అతికించే అలంకారాల మీద కన్నా నొక్కి ఎత్తుతేల్చే అచ్చుల మీద, చక్కని మడత మీద ఎక్కువ డబ్బు పెడతారు. 250 జీఎస్ఎం దాటిన కాగితాన్ని ముందు గీత నొక్కకుండా మడిస్తే వెన్ను పగులుతుంది. శుభలేఖల ప్రెస్సులో దీన్నే క్రీజింగ్ అంటారు. ఇంట్లో దానికి ఖరీదైన పనిముట్టు అక్కర్లేదు, రాయడం మానేసిన బాల్ పెన్నూ ఒక స్కేలూ చాలు.

కొలత దగ్గర ఫ్రెంచివాళ్లు మళ్లీ అడ్డం పడతారు. ఏ4 కాగితాన్ని సగానికి మడిస్తే ఏ5 వస్తుంది, దాన్ని మడిస్తే ఏ6. పొడవు వెడల్పుల నిష్పత్తి చెక్కుచెదరదు. కార్డు చేసేవాళ్లకు ఇంతకన్నా వరం లేదు, ఒక్క ముక్క వృథా కాదు. ఈ వరుసను జర్మనీ 1922లో ప్రమాణంగా ప్రకటించింది. కానీ 1798 నవంబరు 3న ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం స్టాంపు కాగితాల మీద పన్ను వేస్తూ చేసిన చట్టంలోని కొన్ని కొలతలు ఇప్పటి ఏ2, ఏ3లతో సరిపోతాయి. తర్వాత ఫ్రాన్సే వాటిని మరిచిపోయింది. ఆ చట్టం వచ్చిన ఏడు యానాం ఇంగ్లీషువాళ్ల ఆక్రమణలో ఉందనేది ఇంకో వేళాకోళం. అమెరికా నుంచి వచ్చిన స్క్రాప్‌బుక్ కాగితం మాత్రం పన్నెండు అంగుళాల చదరం. మన స్టేషనరీ కొట్లో దానికి సరిపోయే కవరూ ఉండదు, అట్టా ఉండదు. కార్డులకు ఏ4 చాలు. చదరపు కాగితం అవసరమల్లా పుస్తకం కట్టేవాళ్లకే.

ఇక ఉండే కాగితం. బొమ్మలు సేకరించి పుస్తకంగా కట్టించుకునే మోజు తెలుగు నేల మీద పాతదే. గోల్కొండ చివరి రోజుల్లో అక్కడి చిత్రకారులు కుతుబ్‌షాహీల, మొగలుల రూపచిత్రాల వరసలు గీసి ఐరోపా వర్తకులకు అమ్మేవారు. 1686 ప్రాంతంలో తయారైన అలాంటి ఒక వరస ఆమ్‌స్టర్‌డాం మేయరు నికొలాస్ విట్సెన్ చేతికి చేరింది. ఇప్పుడు అది అక్కడి రైక్స్ మ్యూజియంలో ఉంది. తానెన్నడూ చూడని రాజుల బొమ్మలను దాచుకున్న విట్సెన్‌కూ, రవివర్మ లక్ష్మీ సరస్వతుల అచ్చు బొమ్మలను కత్తిరించి పెట్టుకున్న మన ముత్తవ్వలకూ వరస కలపడానికి నాకేం అభ్యంతరం లేదు. రవివర్మ ప్రెస్ 1894లో బొంబాయిలో మొదలైంది. అందులోని సాంకేతిక నిపుణుడు ష్లైషర్ జర్మనీవాడు. అదే కాలంలో జర్మనీ కత్తిరించి ఎత్తుతేల్చిన పూలూ దేవదూతలూ ఉన్న రంగు బొమ్మలను షీట్ల లెక్కన ప్రపంచమంతా అమ్ముతోంది. ఇంగ్లీషువాళ్లు వాటిని స్క్రాప్‌లు అన్నారు, అవి అంటించుకునే పుస్తకమే స్క్రాప్‌బుక్కు.

అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్‌కు ఈ అంటించే పని మీద ఎంత విసుగంటే, 1873లో ఏకంగా పేటెంటు పుచ్చుకున్నాడు: పేజీల మీద ముందే జిగురు చారలు పూసి ఉంటాయి, తడిపి బొమ్మ పెట్టడమే. పుస్తకం బాగా అమ్ముడుపోయింది. గౌతమి నుంచి కోరింగ పాయ చీలే యానాంలో జూలై నెలలో దాన్ని తెరిచి పెట్టి ఉంటే తడపాల్సిన పని కూడా లేకుండా పేజీలన్నీ ఒకదానికొకటి వాటంతటవే అతుక్కుపోయేవి.

ఉండే కాగితానికి అసలు శత్రువు బయటి గాలి ఒక్కటే కాదు, లోపలి ఆమ్లం. గుడ్డపీలికల గుజ్జుతో కాగితం చేసినన్నాళ్లూ అది శతాబ్దాలు బతికింది. 1807లో ఇలిగ్ అనే జర్మన్ సిరా పాకకుండా ఉండేందుకు గుజ్జులో పటిక, గుగ్గిలం వంటి చెట్టు బంక కలిపే పద్ధతి ప్రకటించాడు. 1840ల్లో చెక్కను నూరి గుజ్జు తీయడం వచ్చింది. కాగితం చవకైంది, ఆయుష్షు పడిపోయింది. పటిక ఆమ్లాన్ని ఇస్తుంది, ఆమ్లం కాగితపు పోగులను తెంపుతుంది, చెక్కలోని లిగ్నిన్ వెలుతురు తగిలి పసుపెక్కుతుంది. తాతగారు దాచిన పేపరు ముక్క చేతిలో అప్పడంలా విరగడానికి కారణం ఇదే.

ఈ చదువు గ్రంథాలయాలు దాటి ఇళ్లలోకి రావడానికి 1980 దాకా పట్టింది. ఆ ఏడు అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో వంశవృక్షాల మీద జరిగిన ప్రపంచ సదస్సులో మేరీలెన్ క్రిస్టెన్సెన్ అనే ఇల్లాలు తన కుటుంబం గురించి కట్టిన 50కి పైగా పుస్తకాలను ప్రదర్శించింది. చూసినవాళ్లంతా ఈ సామాను ఎక్కడ దొరుకుతుందని అడిగారు. ఆమ్లం లేని కాగితం, ఆమ్లం లేని జిగురు అన్న మాటలు దుకాణాల్లోకి అలా ఎక్కాయి. సరదా సామాను అంటే పూలూ మెరుపులే అనుకుంటాం కానీ, ఈ వ్యాపారానికి పునాది మాత్రం భయం, ఫొటో పోతుందేమోనన్న భయం.

ఆ భయం మనకూ ఉండాల్సింది. పాత ఆల్బమ్‌లు తలుచుకోండి. నల్ల అట్ట పేజీలు, మధ్యలో సాలెగూడు గీతల పల్చని కాగితం, ఫొటో నాలుగు మూలలకూ చిన్న చిన్న తొడుగులు. జిగురు తొడుగుకే, ఫొటోకి కాదు. కావాలంటే తీసి చూపించి మళ్లీ పెట్టొచ్చు. తర్వాత పైన ప్లాస్టిక్ పొర, కింద బంక పేజీ ఉన్న ఆల్బమ్ వచ్చింది. సుఖంగా ఉందని అందరం అటు పరిగెత్తాం. ఆ బంకకు పట్టుకున్న పెళ్లి ఫొటోలు ఇప్పుడు చింపకుండా రావు. సామాను ఎంచేవాళ్లు వేయాల్సిన మొదటి ప్రశ్న ఎంత గట్టిగా అంటుకుంటుందని కాదు, ఊడదీయొచ్చా అని.

జిగురు విషయంలో మన వంటింటి తెలివి తక్కువేం కాదు. కవరుకు అన్నం మెతుకు, పుస్తకం అట్టకు ఉడికించిన మైదా, కాస్త మర్యాదైన పనికి తుమ్మజిగురు. మైదాలో చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు దరికి రాదు, అయితే అది విషం, పిల్లల చేతికి ఇవ్వకూడదు. 1959లో ఫెవికాల్ వచ్చి వడ్రంగి పని నుంచి బడి సంచీ దాకా అన్నీ ఆక్రమించింది. గట్టిదనంలో దాన్ని మించింది లేదు. కానీ పాత పత్రాలను బాగుచేసే నిపుణులు ఈనాటికీ గోధుమ గంజినే వాడతారు, నీళ్లతో తడిపితే వదిలేస్తుంది కనుక. యానాం లాంటి చెమ్మ ఊళ్లో గంజికి వెండిచేపపురుగు, బూజు రెండూ తప్పవు. అందుకని ఆ సుఖం మనకు పూర్తిగా దక్కదు.

ఊడదీసే జిగురు అన్న కోరికకు దొరికిన అందమైన జవాబు వాషీ టేపు. దాని పుట్టుక ఈగల దగ్గర. జపాన్‌లోని కమోయ్ కకోషి కంపెనీ 1923లో ఈగలు అంటుకునే కాగితంతో మొదలై, తర్వాత కార్లకు రంగు వేసేటప్పుడు అడ్డం అంటించే మాస్కింగ్ టేపుకు మారింది. 2006లో టోక్యో ఆడవాళ్లు ముగ్గురు ఆ టేపుతో చేసిన చిట్టి పుస్తకం పంపి, ఫ్యాక్టరీ చూస్తామని ఉత్తరం రాశారు. రంగురంగుల్లో చేయమన్నది వాళ్ల కోరిక. 2008 కల్లా ఎంటీ పేరుతో ఆ రంగు టేపులు బజారుకొచ్చాయి. కొనేవాళ్లు ఫ్యాక్టరీని మార్చిన సందర్భాలు అరుదు, ఇదొకటి.

యానాంలో ఉండే కాగితం విలువ ఇంకొంచెం ఎక్కువ. 1954 నవంబరు 1న పాలన ఫ్రెంచివాళ్ల నుంచి భారతదేశం చేతికి మారింది, 1962 ఆగస్టు 16న ఆ అప్పగింత ఒప్పందం చట్టబద్ధమైంది. ఆ తర్వాత ఆరు నెలల్లో ఫ్రెంచి పౌరసత్వం కోరుకునే వీలు అక్కడి ప్రజలకు దక్కింది. అలా కోరుకున్న ఇళ్లలో పుట్టుక ధ్రువపత్రం, పింఛను కాగితం, ఫ్రాన్సు నుంచి వచ్చిన కార్డు ఒకే సంచిలో ఉంటాయి. అదే సంచిలోని ఏ పాత కవరు మీదైనా ఫనాల, కాసుల లెక్కన ధర వేసిన ఫ్రెంచి ఇండియా స్టాంపు ఉందంటే కవరు కత్తిరించకుండా మొత్తంగా దాచుకోవాలి. 1923 నుంచి అక్కడి స్టాంపుల మీద ఆ నాణేల పేర్లే వేశారు. ఇలాంటి పత్రాన్ని పేజీకి అతికించడం నేరంతో సమానం. నకలు తీసి నకలునే అతికించాలి, అసలును పీవీసీ లేని ప్లాస్టిక్ తొడుగులో పెట్టాలి.

మంచి కాగితం కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. యానాం పాలనంతా నడిచే పుదుచ్చేరిలో శ్రీ అరవిందాశ్రమం 1959 నుంచి నూలు పీలికల గుజ్జుతో చేతికాగితం చేస్తోంది. చెక్క గుజ్జు లేదు గనక ఆయుష్షు ఎక్కువ, గరుకు అంచు కార్డుకు అందం. నీళ్ల మీద రంగులు తేల్చి అద్దిన మార్బుల్ కాగితం కూడా అక్కడ దొరుకుతుంది. పదిహేడో శతాబ్దపు బీజాపూర్‌లో ఆ విద్యతో ఏకంగా బొమ్మలే వేశారు. ఇక చవకైన దారి కాకినాడ, రాజమండ్రి ప్రెస్సుల్లో శుభలేఖలు కోయగా మిగిలే కటింగ్ ముక్కలు. బంగారు రేకు అద్దినవీ, ముత్యపు మెరుపువీ దొరుకుతాయి, అడిగితే తూకానికి ఇస్తారు. వాటికి ఆమ్లం లేదని ఎవరూ హామీ ఇవ్వరు కనుక కార్డులకే వాడాలి.

శుభలేఖ మూలలకు పసుపు పెట్టే అలవాటున్నవాళ్లకు ఒక జాగ్రత్త. పసుపులో సున్నం కలిస్తే పారాణి అవుతుందని తెలిసిందే. ఆమ్లం లేదని చెప్పే కాగితాల్లో చాలావాటిలో సుద్ద కలుపుతారు. తడి పసుపు వాటి మీద నారింజ వైపు తిరగొచ్చు, ముందు ఒక ముక్క మీద పెట్టి చూసుకోవడం మేలు. పొడిగా అద్దితే ఆ బెడద తక్కువ. పసుపు వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది, పక్క పేజీకి అంటుకుంటుంది కూడా. అందుకని స్క్రాప్‌బుక్కులో పెట్టాల్సిన శుభలేఖను విడి తొడుగులో ఉంచి, వర్షాకాలం వచ్చే ముందే సిలికా జెల్ పొట్లంతో కలిపి మూత గట్టిగా పడే డబ్బాలోకి మార్చాలి. పొట్లాన్ని ఏటా మార్చుకోవాలి.