కొరతలో పుట్టిన ఆపిల్ తీపి

చేబ్రోలులో ఆపిల్ చాలాకాలం జ్వరం పండే. పేషెంటును చూడ్డానికి వెళ్లేవాళ్ల సంచిలో బ్రెడ్డు పక్కన ఉండేది. ఇప్పుడు బండి మీదే దొరుకుతున్నా కోసుకుని తినడమే తప్ప పొయ్యెక్కించడం మనకు అలవాటు లేదు. మన తీపంతా పాకంలోనో నేతిలోనో పుట్టింది. తెనాలి బెల్లం జిలేబీ అయినా, సున్నుండ అయినా అంతే.

ఇంగ్లండు సంగతి వేరు. 1809లో సౌత్‌వెల్ ఊళ్లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే పిల్ల నాటిన గింజలోంచి ఒక చెట్టు లేచింది. ఆ ఇల్లు తర్వాత మాథ్యూ బ్రామ్లీ అనే మాంసం వ్యాపారి చేతికొచ్చింది. 1856లో ఒక నర్సరీవాళ్లు అంటు అడిగితే, నా పేరు పెడితేనే ఇస్తానన్నాడు. గింజ నాటిన పిల్లకు పేరు దక్కలేదు, ఇల్లు కొన్నవాడికి దక్కింది! ఆ బ్రామ్లీ పండు పచ్చిగా తినలేనంత పులుపు, ఉడికితే గుజ్జయిపోతుంది. అందుకే అక్కడ వంటకు వేరే ఆపిల్ ఉంటుంది.

దాన్ని పిండిరొట్టెలో చుట్టి ‘పై’ అనే వంటకం చేసుకునేవాళ్లు. రెండో ప్రపంచయుద్ధం ఆ విలాసాన్ని తుంచేసింది. 1940 జనవరి 8 నుంచి వెన్న, పంచదార రేషను. యుద్ధకాలంలో చాలావరకు మనిషికి వారానికి దొరికిన వెన్న 2 ఔన్సులే, అంటే 57 గ్రాములు. అంత వెన్నతో ‘పై’కి అడుగూ మూతా రెండూ అయ్యే పని కాదు. అడుగు మానేసి, ఉన్న కాస్త వెన్ననూ పిండిలో నలిపి ఆపిల్ ముక్కల మీద చల్లారు. అదే ఆపిల్ క్రంబుల్, ఇంటింటికీ చేరింది ఆ రోజుల్లోనే. 1954లో రేషను పోయింది, క్రంబుల్ ఉండిపోయింది. దాని తేలికదనం ఆరోగ్యం కోసం కనిపెట్టింది కాదు, లేమి నేర్పింది.

మన బజారుకొచ్చే పండు దారి ఇంకొకటి. ఫిలడెల్ఫియా నుంచి 1904లో వచ్చి సిమ్లా కొండల్లో స్థిరపడిన శామ్యూల్ స్టోక్స్, 1916లో కోట్‌గఢ్ దగ్గర అమెరికా డెలీషస్ రకం మొక్కలు నాటాడు. గాంధీగారి వెంట నడిచి జైలుకెళ్లినవాడు, తర్వాత సత్యానంద్ అయ్యాడు. ఆ రకం తియ్యన, పులుపు తక్కువ. కాబట్టి క్రంబుల్‌కు నిమ్మరసం మనమే కలపాలి.

ఓవెన్ లేదని ఆగక్కర్లేదు. మినప రొట్టె మందపాటి గిన్నెలో పోసి, మూత మీద కూడా నిప్పులు వేసి కాల్చిన పెద్దవాళ్లు చేసింది బేకింగే: కింద సెగ, పైన సెగ.

నలుగురికి 4 ఆపిల్స్ తొక్క తీసి ముక్కలు కోసి, చెంచా నిమ్మరసం, చిటికెడు దాల్చినచెక్క పొడి కలిపి గిన్నెలో పరవండి. 60 గ్రాముల గోధుమపిండి, 40 గ్రాముల ఓట్స్, 30 గ్రాముల బెల్లం పొడి, 40 గ్రాముల వెన్న తీసుకోండి. చేబ్రోలు పక్కనే వడ్లమూడిలో సంగం డెయిరీ ఉంది, వెన్నకు లోటు లేదు. వెన్న ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసింది కావాలి. చల్లటి ముక్కలు పిండిలో విడివిడిగా ఉండి పొడిపొడిగా కాలతాయి. కరిగిందైతే ముద్ద కడుతుంది. అన్నీ కలిపి వేళ్ల చివళ్లతో నలిపి ఆపిల్ ముక్కల మీద చల్లి, ఓవెన్‌లో 180 డిగ్రీల్లో 35 నుంచి 40 నిమిషాలు ఉంచండి.

కుక్కర్‌లో అయితే అడుగున ఉప్పు పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేయాలి. పైనుంచి సెగ ఉండదు గనక పైపొడి ఎర్రబడదు. బెల్లం పక్కన పెట్టి, ఆ పిండినీ ఓట్స్‌నీ వెన్నతో బాణలిలో ముందే దోరగా వేయించుకోండి. దించాక బెల్లం కలిపి, ఆపిల్ ఉడికిన తర్వాత పైన చల్లండి. మామూలు గోధుమపిండికి బదులు మైదా వాడినా కరకర వస్తుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడే తినేయండి, మర్నాటికి పైపొడి మెత్తబడిపోతుంది.